కాలని తొమ్మిది పేజీలు

"ఐదింటికి వ్యాన్ వస్తుంది బావా. ముసలాయన్ని అందులో ఎక్కించేస్తే నా పని అయిపోయినట్టే. ఈలోపు నువ్వు ఎంత జల్లించుకుంటావో జల్లించుకో," అన్నాడు ఇన్‌స్పెక్టర్, చచ్చిపోయిన ప్రొఫెసర్ కుర్చీలో వెనక్కి వాలి.

జల్లెడ గోడ గడియారం చూశాడు. మూడు గంటల యాభై నిమిషాలు. చేతిలో ఉన్నది డెబ్బై నిమిషాలు.

జల్లెడ అనేది అతని అసలు పేరు కాదు. పోలీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, ఒక గదిలో అడుగుపెట్టాడంటే దుమ్ము కూడా వడబోసి గానీ బయటికి రాడని తోటివాళ్ళు పెట్టిన పేరు. ఉద్యోగం ఊడింది, పేరు మిగిలింది. ఆ పేరు విని మాస్టారి శిష్యులు పిలిపిస్తేనే ఇవాళ పొద్దున ఈ కాలేజీకి వచ్చాడు. ఆ ఉద్యోగం ఊడగొట్టిన విచారణలో అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది ఈ ఇన్‌స్పెక్టరే, స్వయానా భార్య తమ్ముడు. అప్పటినుంచీ ఇద్దరి మధ్యా వరసలు మాత్రం ఏ లోటూ లేకుండా నడుస్తున్నాయి. బావా, బామ్మర్దీ అని వాళ్ళు పిలుచుకుంటుంటే పక్కనున్నవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది.

తలుపు పక్కన స్టూలు మీద హీబ్రూ మాస్టారు కూర్చుని ఉన్నారు. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి. చేతులకి బేడీలు. రాత్రంతా స్టేషన్లో నిలబెట్టారన్న సంగతి కాళ్ళే చెబుతున్నాయి, చెప్పులు పట్టనంతగా వాచాయి. ఆయన గుండె మాత్రల సీసా ఇన్‌స్పెక్టర్ చొక్కా జేబులో ఉంది. నేరం ఒప్పుకుని సంతకం పెట్టాక ఇస్తాడట. జైలుకి పంపితే వారం తిరక్కుండానే పోతారని డాక్టరు రాసిన కాగితం కూడా అదే జేబులో ఉంది. ఇన్‌స్పెక్టర్ దాన్ని శ్రద్ధగా చదివాడు, అంతకంటే శ్రద్ధగా మడత పెట్టాడు.

మాస్టారు యూదుడు. ఈ బైబిలు కాలేజీలో నలభై అయిదేళ్ళుగా హీబ్రూ నేర్పుతున్నారు. చచ్చిపోయిన ప్రొఫెసర్ ఆయన శిష్యుడే. పదకొండేళ్ళుగా ఇద్దరూ ఒకే పుస్తకం మీద పనిచేశారు. తొలినాటి క్రైస్తవ సంఘాలకి, క్రీస్తు మాట ఊరూరా చాటిన అపొస్తలుడు రాసిన ఉత్తరాల మీద పుస్తకం అది. ఆ ఉత్తరాలు రాసినాయన తన జాతినీ తన ధర్మశాస్త్రాన్నీ విదిలించుకుని పోయాడని లోకమంతా చదువుతూ వచ్చింది. కాదు, ఆయన చివరిదాకా యూదుడే అన్నాడు ప్రొఫెసర్. బయటినుంచి వచ్చి చేరినవాళ్ళని యూదులుగా మారమనొద్దు అన్నాడే తప్ప తనవాళ్ళని వదులుకోలేదన్నాడు. ఆ ఉత్తరాల్లో ఉన్నది ఇంట్లో మనిషి ఇంట్లోవాళ్ళ మీద చూపిన కోపం, దాన్ని వీధిలోవాళ్ళు తీర్పుగా చదివి ఆ ఇంటివాళ్ళని వందల ఏళ్ళు తరిమి తరిమి కొట్టారన్నాడు. నాలుగు వందల పది పేజీలు, చేతిరాత, ఒకే ఒక్క ప్రతి. మాస్టారికి రెండేళ్ళుగా మతిమరుపు ముదురుతోంది కాబట్టి, పుస్తకం అంటూ ఉన్నది ఆ కాగితాల మీదే.

నిన్న మధ్యాహ్నం ఆ కాగితాలు ఇదే గదిలో, చలి కాచుకునే ఇనప పొయ్యిలో బూడిదై కనిపించాయి. బల్ల కింద ప్రొఫెసర్ పడున్నాడు. కాగితాలు ఎగరకుండా పెట్టుకునే ఇత్తడి దిమ్మ అతని తల వెనక భాగాన్ని పగలగొట్టింది.

"టైములు ఇంకొక్కసారి చెప్పమ్మా," అన్నాడు జల్లెడ.

లైబ్రేరియన్ అరవయ్యేళ్ళ మనిషి. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. "పదకొండూ పదికి మాస్టారు పైకెళ్ళారు సార్. పదకొండూ నలభైకి దిగారు. గేటు దగ్గర పుస్తకంలో కూడా అలాగే రాసుంది. పన్నెండూ పాతికకి కాగితం కాలుతున్న వాసనొచ్చి నేను పైకెళ్ళాను."

"మాస్టారు దిగాక ఇంకెవరైనా పైకెళ్ళారా?"

"ముందు మెట్లు కింద నా బల్ల పక్కనే సార్. అటునుంచి ఎవరూ వెళ్ళలేదు."

"వెనక మెట్లున్నాయిగా?"

"అవి ప్రిన్సిపాల్ గారి గదిలోకి దిగుతాయి సార్. పన్నెండు నుంచి పన్నెండున్నర దాకా ఆయన తలుపేసుకుని ప్రార్థనలో ఉంటారు. ముప్పై ఏళ్ళుగా అంతే. ఆ అరగంటా తలుపు ఎవరూ తట్టరు."

"అంటే ఆయన లోపలున్నారో లేదో ఆ అరగంటా ఎవరికీ తెలీదు."

ఇన్‌స్పెక్టర్ పకపకా నవ్వాడు. "మూసిన గదిలోంచి వాసన కిందికి దిగడానికి ముప్పావుగంట పట్టిందంతే. దేవుడితో మాట్లాడుకునే మనిషిని కూడా జల్లిస్తావా బావా? ఇలా రా, నీకొకటి చూపిస్తాను."

కిటికీ కింద చిన్న చెక్కపెట్టె ఉంది. మూత ఎత్తితే నిండా పాత కాగితాలు, వాటి మీద విడిగా తొమ్మిది పొడుగు కాగితాలు.

"ఇది ముసలాయన పెట్టిన ఆచారం. దేవుడి పేరు హీబ్రూలో నాలుగక్షరాలట. అది రాసున్న కాగితాన్ని చింపకూడదు, పారెయ్యకూడదు, కాల్చకూడదు. పాతబడితే ఇందులో వెయ్యాలి. పెట్టె నిండితే తీసుకెళ్ళి పూడ్చిపెడతారు. ఈ తొమ్మిదీ ప్రొఫెసర్ పుస్తకంలోవే. ప్రతిదాంట్లో ఆ పేరుంది. మిగతా నాలుగు వందల ఒకటీ బూడిద. మనిషి బుర్ర పగలగొట్టి, పుస్తకం తగలబెడుతూ కూడా ఈ తొమ్మిదీ ఏరి భద్రంగా దాచాడు. ఇంకెవడు చేస్తాడు ఆ పని?"

"ఎందుకు చంపాడట?"

"పదకొండేళ్ళు చాకిరీ చేయించుకుని, అట్ట మీద ప్రొఫెసర్ తన పేరొక్కటే రాసుకున్నాడట. ప్రిన్సిపాల్ గారే చెప్పారు, పాపం చాలా బాధపడుతూ."

పొద్దున పొయ్యి అడుగున బూడిద జల్లించినప్పుడు జల్లెడకి గోరంత, బొటనవేలంత కాలిన ముక్కలు ఐదు దొరికాయి. వాటిని దూది పరిచిన డబ్బాలో పెట్టుకున్నాడు. ఆ డబ్బా తీసి మాస్టారి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"వీటి మీద ఏముందో కాస్త చదివి పెడతారా మాస్టారూ?"

మాస్టారు బేడీల చేతులతోనే డబ్బాని కళ్ళకి ఆనించుకున్నంత దగ్గరగా తెచ్చుకున్నారు. ఆయన పెదవులు కదిలి, ఆగిపోయాయి.

"ఎవరు కాల్చారు వీటిని? ఇదీ పేరే. ఇది కూడా. ఇవి కాల్చకూడదు కదా!"

"పేరు ఒక్కటే అనుకున్నాను."

"ఏడు బాబూ. చెరపకూడని పేర్లు ఏడున్నాయి. మొదటి రోజు క్లాసులో ఆ నాలుగక్షరాలది ఒక్కటే చెప్తాను, కాస్త భయం పుట్టాలని. మిగతా ఆరూ రెండో రోజు..."

మాట మధ్యలో తెగింది. ఆయన ముఖంలో నెత్తురు దిగిపోవడం జల్లెడ కళ్ళారా చూశాడు. మనసులో జాలి కలగాల్సిన చోట అతనికి కలిగింది సంతోషం. వేటకుక్కకి వాసన తగిలినప్పటి సంతోషం.

"మొదటి రోజు వచ్చి రెండో రోజు రానివాడు ఎవరు మాస్టారూ?"

మాస్టారు డబ్బాని అతని చేతికి తిరిగి ఇచ్చేశారు.

"పేరు చెప్పండి. సాయంత్రానికి మీరు మీ ఇంట్లో ఉంటారు."

"నేనే చంపానని రాసుకోమనండి," అన్నారు మాస్టారు, ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి. "సంతకం పెడతాను."

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు. "చూశావా? రాత్రంతా నేను చెప్పించలేనిది రెండు నిమిషాల్లో చెప్పించావు. ఉద్యోగంలో ఉండాల్సినవాడివి బావా!"

"నీకు బుర్ర లేదని మీ అక్క ఎప్పుడూ అంటుంది. పెట్టెలో ఉన్నవన్నీ ఒకే పేరున్న కాగితాలు. బూడిదలో ఉన్నవి మిగతా పేర్లవి. మాస్టారే ఏరి ఉంటే ఏడింటినీ ఏరేవారు. ఇది ఏడిట్లో ఒక్కటే తెలిసినవాడి పని."

"చూపు ఆనని ముసలాడు కంగారులో ఏరాడు. దొరికినవి దొరికాయి. లేదంటావా, ఈ పేర్ల గొడవ కోర్టులో చెప్పు. జడ్జి పొట్ట పట్టుకుని నవ్వుతాడు."

అది నిజం. జల్లెడకి కోపం వచ్చింది కూడా అందుకే. సంతకం కాగితం సిద్ధం చేయమని ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్‌ని పురమాయిస్తుంటే, అతను లైబ్రేరియన్‌ని వరండాలోకి పిలిచాడు.

"మీరూ ఇక్కడే చదువుకున్నారటగా?"

"అవును సార్. ప్రిన్సిపాల్ గారిదీ నాదీ ఒకే బ్యాచ్."

"హీబ్రూ ఇద్దరూ కలిసే నేర్చుకున్నారా?"

ఆమె ఏడుపులోనే నవ్వింది. "ఆయన ఒక్కరోజే వచ్చారు. ఉత్తరాలు గ్రీకులో ఉన్నాయి కదా, ఈ యూదుల గోల మనకెందుకు అని మానేశారు. తర్వాత ఆ ఉత్తరాల మీద ఆయన రాసిన పుస్తకమే ఇక్కడ అందరికీ పాఠం అయింది."

తను ఏం చెప్పిందో ఆమెకి తెలియలేదు. జల్లెడ థాంక్స్ చెప్పి గడియారం చూసుకున్నాడు. నాలుగూ పన్నెండు.

నాలుగూ పదిహేనుకి ప్రిన్సిపాల్ పైకి వచ్చాడు. ఇస్త్రీ నలగని బట్టలు, మెత్తని గొంతు. రాగానే, "మాస్టారికి కుర్చీ వెయ్యలేదా? స్టూలు మీద కూర్చోబెట్టారేంటి?" అని కానిస్టేబుల్‌ని మందలించాడు. మాస్టారు తల ఎత్తలేదు.

"నిన్న పొద్దున ప్రొఫెసర్ మీ గదికి వచ్చారా?" అడిగాడు జల్లెడ.

"వచ్చాడు. పుస్తకం పూర్తయిందని చెప్పాడు."

"మీ పుస్తకం గురించి ఏమన్నారు?"

"తప్పన్నాడు. పాతికేళ్ళ స్నేహం మాది, నేనేమీ అనుకోలేదు."

"అంతేనా?"

ప్రిన్సిపాల్ కిటికీలోంచి బయటికి చూశాడు. "నా దగ్గర చదువుకుని వెళ్ళిన బోధకులు నాలుగు వేల మంది ఉన్నారు. ఒక్కొక్కరికీ ఉత్తరం రాయమన్నాడు. ముప్పై ఏళ్ళు మీకు తప్పు చెప్పాను, మీరు జనానికి ద్వేషం నూరిపోశారు, అందుకు కారణం నేనే అని, నా చేత్తో."

"చాలా క్రూరంగా అడిగారే."

"వాడెప్పుడూ అంతే."

"రాస్తానన్నారా?"

"ప్రార్థన చేసుకుని చెప్తానన్నాను."

జల్లెడ తల పంకించాడు. దీనితో ఎవరినీ ఉరి తీయలేరు. సాక్షి లేడు, వేలిముద్ర లేదు, ఇత్తడి దిమ్మని శుభ్రంగా తుడిచేశారు. నలభై ఐదు నిమిషాలు మాత్రం ఉన్నాయి. అతను గొంతులోకి విసుగు తెచ్చుకున్నాడు.

"మా బామ్మర్ది చెప్పేది నాకు మింగుడు పడటం లేదు సార్. మాస్టారు గదిలో ఉన్నది ముప్పై నిమిషాలు. అందులో ఒక మనిషిని చంపి, నాలుగు వందల పేజీలు చూసి చూసి కాల్చడం ఈ బుల్లి పొయ్యిలో అయ్యే పనేనా? ఇది తేలకపోతే కేసు నిలవదు."

"ఎందుకవదు?" అన్నాడు ప్రిన్సిపాల్ వెంటనే. "ఏటా పాత జవాబు పత్రాలు నేనే దగ్గరుండి ఇందులో కాలుస్తాను. చెయ్యి ఆడుతూ ఉండాలే గానీ ఇరవై నిమిషాలు చాలు."

"ఒకసారి చూపిస్తారా? కింద జవాబు పత్రాలున్నాయిగా. కాకపోతే గుట్టగా కుక్కకూడదు. నిన్నటివాడు ఏరాడు కదా, మీరూ ఒక్కొక్కటీ చూసి వెయ్యండి."

"మాస్టారి మీద నింద రుజువు కావడానికి నేను సాయం చెయ్యాల్సి రావడం..." ప్రిన్సిపాల్ నిట్టూర్చి, చొక్కా చేతులు మడిచాడు.

ఇన్‌స్పెక్టర్ వ్యాన్ కోసం ఫోన్ చెయ్యడానికి కిందికి వెళ్ళాడు. జల్లెడ నాలుగు వందల జవాబు పత్రాల కట్ట తెచ్చాడు. బల్ల దగ్గర అందరికీ వీపు పెట్టి నిలబడి, పెట్టెలోని తొమ్మిది పేజీలనూ ఆ కట్ట మధ్యలో దోపాడు. కాగితం సైజు ఒకటే. నకలు తీయించే వ్యవధి లేదు, పోలీసు ఫొటోగ్రాఫర్ రేపటికి గానీ రాడు. ఆ తొమ్మిదీ పోతే ప్రొఫెసర్ పదకొండేళ్ళలో ఈ లోకంలో అక్షరం మిగలదని అతనికి బాగా తెలుసు. కానీ నిన్న నెత్తురు అంటిన చెయ్యే కాల్చలేనిది, ఈరోజు కడుక్కున్న చెయ్యి ఎలా కాలుస్తుంది? పక్కన పెడుతుంది. పెట్టిన క్షణం పట్టుకుంటాడు. అతను వేసుకున్న లెక్క అది. మాస్టారిని ఒక్క మాట అడగాలని మాత్రం తోచలేదు.

నాలుగూ ఇరవై ఎనిమిదికి మొదటి కాగితం పొయ్యిలో పడింది.

ప్రిన్సిపాల్ చెయ్యి నిజంగానే చక్కగా ఆడుతోంది. తీయడం, చూడడం, వెయ్యడం. ఇన్‌స్పెక్టర్ తిరిగొచ్చి చేతి గడియారం విప్పి పట్టుకున్నాడు. ఐదు నిమిషాలకి వంద దాటాయి. ప్రిన్సిపాల్ నుదుటి మీద చెమట పట్టింది, ముఖంలో చిన్న గర్వం కూడా కనిపించింది.

నాలుగూ ముప్పై తొమ్మిదికి చెయ్యి ఆగింది.

పొయ్యి నోటి దగ్గర, మంటకి జానెడు దూరంలో, కాగితం పట్టుకుని ఆగింది. ఆ చెయ్యి తనకి తెలియకుండానే కుడివైపుకి, బల్ల మీదికి జరగబోయింది. సగంలో అతనికి అర్థమైంది. మెల్లగా తల తిప్పి జల్లెడ కళ్ళలోకి చూశాడు.

జల్లెడ నవ్వాడు. "ఏంటి సార్, ఆగారు? ఉత్త కాగితమే కదా. వెయ్యండి."

అరవయ్యేళ్ళ ప్రిన్సిపాల్ మొదటి బెంచీలో లెక్క తప్పిన కుర్రాడిలా నిలబడ్డాడు.

"వేసెయ్ నాయనా."

అందరూ తలుపు వైపు తిరిగారు. మాస్టారు స్టూలు పట్టుకుని లేచి నిలబడి ఉన్నారు.

"వేసెయ్. ఒక ప్రాణం పోతుందంటే ఆ కాగితం కాల్చెయ్యొచ్చు. తప్పు లేదు, ఆ పేరు ఎవరిదో ఆ దేవుడే ఒప్పుకున్నాడు. ఇప్పుడు పోయేది నీ ప్రాణం. వేసెయ్."

"నోరు ముయ్యండి మాస్టారూ!" అని అరిచాడు జల్లెడ. కాపాడడానికి వచ్చిన మనిషి మీద అలా అరిచినందుకు సిగ్గుపడే తీరిక కూడా అతనికి లేకపోయింది.

ప్రిన్సిపాల్ ముఖంలో ఏదో ముడి విప్పుకుంది. కాగితం పొయ్యిలోకి వదిలాడు. అది అంచుల నుంచి ఎర్రబడుతూ ముడుచుకుంది. వెంటనే రెండోది. మూడోది. జల్లెడ ముందుకు దూకాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యి అడ్డం వచ్చి అతని ఛాతీ మీద పడింది.

"పరీక్ష పెట్టింది నువ్వే బావా. మధ్యలో చెడగొట్టకు."

"అవి పెట్టెలోవిరా మూర్ఖుడా! వదులు!"

ఇన్‌స్పెక్టర్‌కి అర్థమై వదిలేసరికి తొమ్మిదోది కాలుతోంది. జల్లెడ ఇనప ఊచతో కెలికాడు. నల్లటి పొరలు విరిగి పొడి అయ్యాయి.

ప్రిన్సిపాల్ చేతులు దులుపుకున్నాడు. నలభై ఏళ్ళ బరువేదో దిగిపోయినట్టు మాస్టారి వైపు చూసి తేలిగ్గా నవ్వాడు.

"ఈ ఒక్క మాట నిన్న తెలిసుంటే మాస్టారూ, ఆ పెట్టె జోలికే వెళ్ళేవాణ్ణి కాదు."

అన్నాక కూడా నవ్వుతూనే ఉన్నాడు. తన మాట తన చెవిలో పడడానికి అతనికి కాస్త సమయం పట్టింది.

ఇన్‌స్పెక్టర్ మొండివాడే గానీ మొద్దు కాదు. గడియారం చేతికి కట్టుకుని, లైబ్రేరియన్ వైపు, కానిస్టేబుల్ వైపు చూశాడు. "మీరిద్దరూ విన్నారుగా?" ఇద్దరూ తలలూపారు. అతను మాస్టారి బేడీలు విప్పి, మాత్రల సీసా ఆయన ఒళ్ళో పడేసి, ఆ బేడీలే తీసుకెళ్ళి ప్రిన్సిపాల్ చేతులకి వేశాడు. కావాలనే ఒక నొక్కు ఎక్కువ నొక్కాడు. ప్రిన్సిపాల్ కెవ్వుమన్నాడు. వ్యాన్ ఐదింటికే వచ్చింది, ఎక్కాల్సినవాడు మారాడు అంతే.

గదిలో జల్లెడా మాస్టారూ మిగిలారు.

"మీరు వెయ్యమన్నారు, అతను వేశాడు," అన్నాడు జల్లెడ. గొంతు తనకే దొంగ గొంతులా వినిపించింది. "వాడికోసం అబద్ధం సంతకం కూడా పెట్టబోయారు."

"వాడూ నా దగ్గర కూర్చున్నవాడే. ఒక్కరోజయితేనేం?" మాస్టారు పొయ్యి వైపు చూస్తున్నారు. "ఆ కాగితాలు అందులో పెట్టింది మీరా?"

"నేనే. మిమ్మల్ని జైలుకి పోనివ్వకూడదని."

"ప్రొఫెసర్‌ది ఇంక ఏమీ లేదా?"

"లేదు మాస్టారూ."

ఆయన హోంవర్కు తప్పు చేసిన పిల్లవాడికి చెప్పినంత నెమ్మదిగా అన్నారు.

"నన్నొక్క మాట అడగాల్సింది బాబూ. జైలుకే వెళ్ళేవాణ్ణి."